లింగో పాట, దశావతారాలు, ప్రాణహిత రాళ్లు

బల్లార్షా నుంచి కాగజ్‌నగర్ వైపు వచ్చే రైలు మార్గంలో, తెలంగాణ సరిహద్దుకు ఇవతల, మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో ఉంది విరూర్. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా ఈ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో భాగం. అందుకే ఈ ప్రాంతంలో తెలుగు, మరాఠీ, గోండి మూడూ వినబడతాయి. మాటతోపాటు నమ్మకాలూ పక్కపక్కనే బతుకుతున్నాయి. మనిషి ఎక్కడి నుంచి వచ్చాడని ఇక్కడ అడిగితే ఒకరు లింగో కథ చెబుతారు, ఒకరు అవతారాల గురించి చెబుతారు, ఒకరు ఆదాము పేరెత్తుతారు, బడికి వెళ్లే పిల్లవాడు డార్విన్ అంటాడు.

ఈ జవాబుల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చదవాలనుకుంటున్నాను. ఒకటి, గోండుల లింగో పాట. రెండోది, దశావతారాలే పరిణామ సిద్ధాంతమని చెప్పే ఆధునిక వ్యాఖ్యానం. ఈ రెంటికీ సాక్షిగా నిలబడేవి విరూర్ దగ్గరి వార్ధా నీళ్లు చివరికి చేరే ప్రాణహిత లోయలోని రాళ్లు. మతానికీ పరిణామ శాస్త్రానికీ పొత్తు ఎక్కడ కుదురుతుందో, ఎక్కడ కుదరదో చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు కనిపించలేదు.

రాళ్లూ పాటా రెండూ ఒకే మనిషి చేతుల మీదుగా మనదాకా వచ్చాయి. ఆయన స్టీఫెన్ హిస్లాప్. 1817లో స్కాట్లండ్‌లో పుట్టి, 1840లలో క్రైస్తవ మత ప్రచారకుడిగా నాగపూర్ వచ్చాడు. బోధ చేస్తూనే సుత్తి పట్టుకొని చుట్టుపక్కల గుట్టలన్నీ తిరిగాడు. నాగపూర్‌కు దక్షిణాన ఉన్న మంగలి రాళ్లలో దొరికిన ఒక ప్రాచీన ఉభయచరం పుర్రెను లండన్‌లో రిచర్డ్ ఓవెన్ పరిశీలించి బ్రాకియాప్స్ అని పేరు పెట్టాడు. రాబర్ట్ హంటర్‌తో కలిసి హిస్లాప్ నాగపూర్ ప్రాంతపు భూగర్భం మీద రాసిన వ్యాసం 1855లో లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఈ పని చేస్తున్న రోజుల్లోనే ప్రధాన్ తెగకు చెందిన ఒక గాయకుడి నోట గోండుల లింగో పాటను గోండి మాటల్లోనే రాయించుకున్నాడు. 1863 సెప్టెంబరు 4న టాకల్‌ఘాట్ దగ్గరి రాతి సమాధుల వలయాలు చూసి తిరిగి వస్తూ, పొంగిన వాగులో పడి చనిపోయాడు. ఆయన కాగితాలను రిచర్డ్ టెంపుల్ సరిదిద్ది 1866లో ప్రచురించాడు. డార్విన్ జాతుల పుట్టుక గ్రంథం అప్పటికి ఏడేళ్ల క్రితం, 1859లో వచ్చింది.

రాళ్ల గురించి రాసింది హిస్లాప్ శాస్త్ర పత్రికకు పంపాడు, పాటను పాటగా దాచాడు. పాటలో శిలాజాలు వెతకలేదు, శిలాజాల మీద పాట రుద్దలేదు. మతం మార్చడానికి వచ్చిన మనిషికి గోండుల దేవతల మీద గౌరవం ఎంతన్నది వేరే ప్రశ్న. పని చేసిన పద్ధతిలో మాత్రం ఒక నిజాయితీ ఉంది. ఇవాళ మనకు కావలసింది అదే.

ఇక పాటలోకి వెళ్దాం. హిస్లాప్ రాయించుకున్న పాఠం ప్రకారం లోకంలోకి వచ్చిన గోండులు ఏది దొరికితే అది తింటారు, స్నానం చెయ్యరు, కట్టుబాటు తెలియదు. ఆ వాసన తన కొండకు తగిలి మహాదేవుడికి కోపం వస్తుంది. వాళ్లను గుహలో మూసి రాయి అడ్డం పెడతాడు. నలుగురు అన్నదమ్ములు మాత్రం తప్పించుకొని కాచికోపా లోహగఢ్ అడవిలో తలదాచుకుంటారు. అప్పుడు ఒక చెట్టు పువ్వులో లింగో పుడతాడు. తల్లి కడుపున కాదు, పువ్వులో. పెరిగి ఆ నలుగురిని కలుసుకుంటాడు. అడవి నరికి వరి వెయ్యడం నేర్పుతాడు. వేట మాంసం కాల్చుకోవడానికి నిప్పు కావాలి. నిప్పు రికాడ్ గవాడి అనే రాక్షసుడి పొలంలో ఉంది. తమ్ముడు దొంగచాటుగా కొరివి ఎత్తుకురాబోయి, రాక్షసుడు వెంటపడితే పారేసి పరుగెత్తుకొస్తాడు. అప్పుడు లింగో సొరకాయ బుర్ర, వెదురు, వెంట్రుకల తీగలతో ఒక వాద్యం చేసుకొని చెట్టెక్కి వాయిస్తాడు. ఆ పాటకు ముసలి రాక్షసుడూ భార్యా చిందులేస్తారు. శత్రుత్వం చుట్టరికమవుతుంది, రాక్షసుడి ఏడుగురు కూతుళ్లు కోడళ్లుగా వస్తారు.

దొంగతనంతో సాధ్యం కానిది సంగీతంతో సాధ్యమైంది. కథ నడిపే ప్రధాన్లు తీగ వాద్యం మీద పాడి బతికేవాళ్లు కాబట్టి ఇందులో వాళ్ల వృత్తి గౌరవం కూడా ఉంది. తర్వాత కోడళ్ల నిందకు అన్నదమ్ములు లింగోను చంపుతారు. అతను మళ్లీ బతుకుతాడు, అయినా పగ తీర్చుకోడు. గుహలో మిగిలిన గోండులను విడిపించడానికి తపస్సు చేస్తాడు. విడిపించాక నది అడ్డం వస్తుంది. మొసలీ తాబేలూ ఆణ పెట్టి దాటిస్తామంటాయి. నడి ఏట మొసలి మాట తప్పి ముంచబోతుంది, తాబేలు ఒడ్డుకు చేరుస్తుంది. ఒడ్డున లింగో వాళ్లను తెగలుగా విడగొట్టి, ఎవరు ఎవరిని పెళ్లాడవచ్చో, ఏ దేవతను ఎలా కొలవాలో చెబుతాడు. ఆదిలాబాద్ వైపు ఈ కథలో జంగుబాయి అనే దేవత సాయం కూడా ఉంది. గుహ నుంచి నాలుగు గుంపులుగా బయటపడటమే గోండుల సగల, అంటే గోత్ర సమూహాల, విభజనకు మూలమంటారు. కెరమెరి మండలంలో సరిహద్దు పక్కనే ఉన్న జంగుబాయి గుహకు పుష్య మాసంలో రెండు రాష్ట్రాల గోండులూ వెళ్తారు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగల లెక్క ఇవాళ్టికీ పెళ్లి సంబంధాలు తేలుస్తుంది.

ఈ పాట మనిషి శరీరం ఎలా తయారైందన్న ప్రశ్నను దాదాపు పట్టించుకోదు. గోండులు పాట మొదట్లోనే ఉన్నారు. కాళ్లూ చేతులూ ఆకలీ అన్నీ ఉన్నాయి. లేనిది బతుకు పద్ధతి. నిప్పు, సాగు, వరస, ఇచ్చిన మాట, చచ్చి బతికినా పగ పట్టని గుణం వచ్చాకే వాళ్లు మనుషులుగా నిలబడతారు. పాట దృష్టిలో మనిషి పుట్టేది ఒకసారి కాదు, నేర్చుకున్నప్పుడల్లా.

పాటలో లోపం లేదనడం లేదు. గోండులు కంపు కొట్టేవాళ్లనీ, ఎవరో వచ్చి శుభ్రం చెయ్యాలనీ చెప్పే ఆరంభంలో బయటివాళ్ల చూపు కనబడుతుంది. మహాదేవుడు, పార్వతి పేర్లు చేరడం, శుచికి అంత పెద్ద పీట వెయ్యడం పొరుగు సమాజపు ప్రభావమే. పైగా ఒక గాయకుడు పాడిందాన్ని ఒక మిషనరీ రాయిస్తే, ఒక ఇంగ్లీషు అధికారి సరిదిద్దిన పాఠం ఇది. ఇన్ని చేతులు మారినా పాట తన ప్రశ్నను వదల్లేదు.

ఇప్పుడు రెండో చదువు. చేప, తాబేలు, పంది, సగం మనిషి సగం సింహం, పొట్టివాడు, గొడ్డలి పట్టినవాడు, రాజు... ఈ వరస చూడగానే జీవపరిణామం గుర్తుకు రావడం సహజం. 1877లో థియోసాఫికల్ సొసైటీ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ ఈ పోలిక తెచ్చింది. 1882లో బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ తన ఉపన్యాసంలో దాన్ని బలంగా చెప్పాడు. 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడిన గొప్ప జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ కూడా ఈ వరసకు వెన్నెముక జీవుల పరిణామంతో స్థూలమైన పోలిక ఉందన్నాడు. ఇక మన తెలుగు నేల సంగతికొస్తే, 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ జి. నాగేశ్వరరావు దశావతారాలు డార్విన్ సిద్ధాంతం కన్నా మెరుగైనవని చెప్పారు. పోలికగా మొదలైన మాట సుమారు నూట నలభై ఏళ్లలో పోటీగా మారింది.

ఈ వ్యాఖ్యానానికి మొదట అడ్డు తగిలేది శాస్త్రం కాదు, భాగవతమే. అష్టమ స్కంధంలో మత్స్యావతార కథ ఎలా మొదలవుతుంది? ద్రవిడ దేశపు రాజు సత్యవ్రతుడు కృతమాలా నదిలో నిలబడి తర్పణం విడుస్తుంటే, దోసిట్లోకి ఒక చేపపిల్ల వస్తుంది. నన్ను కాపాడమంటుంది. రాజు కమండలంలో వేస్తాడు, అది సరిపోదు. ఇంకా పెద్ద పాత్ర, చెరువు, చివరికి సముద్రం. అంటే చేప వచ్చేసరికే రాజున్నాడు, రాజ్యముంది, తర్పణముంది, వేదముంది. చేప మనిషికి ముందు దశ అయితే ఆ దోసిలి ఎవరిది? కూర్మం మందర పర్వతాన్ని మోసేటప్పుడు దేవతలూ రాక్షసులూ ఇరుపక్కలా తాడు లాగుతున్నారు. నరసింహుడి సగం సగం రూపం ఏ మధ్య దశా కాదు. నరుడి చేతా మృగం చేతా చావులేదన్న వరాన్ని అక్షరం తప్పకుండా దాటిన ఉపాయం అది. వామనుడు ఎదగని మనిషి కాడు, మూడు అడుగులతో లోకాలు కొలిచినవాడు. పరశురాముడు రాముడికి ఎదురొచ్చి విల్లు ఎక్కుపెట్టమంటాడు. పోతన భాగవతం చదివిన తెలుగువాళ్లకు ఇవన్నీ తెలిసిన సంగతులే. పరిణామంతో పోల్చిన మరుక్షణం కథల్లోని కరుణా, వాగ్దానం, అహంకారానికి పడిన శిక్షా అన్నీ పక్కకు పోయి జంతువుల జాబితా ఒక్కటే మిగులుతుంది. భక్తుడికి ఇందులో దక్కేదేమీ లేదు.

శాస్త్రం వైపు నుంచి చూస్తే సమాధానం ప్రాణహిత ఒడ్డునే దొరుకుతుంది. గడ్చిరోలి జిల్లా సిరొంచా తాలూకాలో కోటా అనే ఊరుంది. 1982లో గడ్చిరోలి విడిపోకముందు అదీ చంద్రపూర్ జిల్లాలోనిదే, ఆ ప్రాంతమంతా తెలుగు మాట వినబడే నేల. ఆ ఊరి పేరుతో పిలిచే రాళ్లు సుమారు 18 కోట్ల ఏళ్ల నాటివి. వాటిలోని చేపను, లెపిడోటస్ డెక్కనెన్సిస్‌ను, 1851లోనే వర్ణించారు. అవే రాళ్లలో దొరికిన తాబేలుకు 2000లో ఇండోకెలిస్ అని పేరు పెట్టారు. అక్కడే దొరికిన ఒక చిన్న క్షీరదం పంటికి 1981లో పెట్టిన పేరు కోటాథీరియం హాల్డేని. దశావతారాల పోలిక చెప్పిన హాల్డేన్ పేరే అది. సిరొంచా దగ్గర పోచంపల్లిలో దొరికిన భారీ డైనోసార్ బారపాసారస్ టాగోరై ఎముకలు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టారు. యామన్‌పల్లిలో దొరికిన కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది.

చేప, తాబేలు, క్షీరదం ఒకే రాతి పొరల వరసలో ఉన్నాయి. చేప దిగిపోతే తాబేలు ఎక్కలేదు, తాబేలు దిగిపోతే పాలిచ్చే జంతువు రాలేదు. తాబేళ్లూ తొలి క్షీరదాలూ దాదాపు ఒకే కాలంలో, ట్రయాసిక్ యుగం చివరి భాగంలో లోకంలోకి వచ్చాయి. తాబేలు మనకు పూర్వీకుడు కాదు, పంది కాదు, సింహం కాదు. పరిణామం అంటే మెట్లు కాదు, వంశవృక్షం. కోతి నుంచి మనిషి వచ్చాడని డార్విన్ చెప్పాడనే మాట కూడా అందుకే తప్పు. సుమారు 60, 70 లక్షల ఏళ్ల క్రితం ఒకే మూలం నుంచి విడిపోయిన రెండు పాయల్లో ఒకటి మనం, ఒకటి చింపాంజీలు. చింపాంజీ మనకు తాత కాదు, దాయాది.

దీనికి సాక్ష్యం రాళ్లలోనే కాదు, మన కణాల్లోనూ ఉంది. చింపాంజీకి 48 క్రోమోజోములు, మనకు 46. తేడా ఎక్కడిదంటే, దాయాదుల్లో విడివిడిగా ఉన్న రెండు క్రోమోజోములు మనలో కలిసిపోయి రెండో క్రోమోజోము అయింది. అతుకు జాడ ఇప్పటికీ అందులో చదవవచ్చు. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికిన మన జాతి ఎముకలు సుమారు 3 లక్షల ఏళ్ల నాటివి. మన నంద్యాల వైపు జ్వాలాపురంలో సుమారు 74,000 ఏళ్ల క్రితం సుమత్రా దీవిలో పేలిన టోబా అగ్నిపర్వతపు బూడిద పొర కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. ఇవి నమ్మమని ఎవరూ బతిమాలాల్సిన పని లేదు. తవ్వి చూడవచ్చు, కొలవవచ్చు, తప్పని తేలితే దిద్దవచ్చు.

రెండు చదువులనూ పోల్చితే ఒక మాట తేలుతుంది. లింగో పాట శాస్త్రం అడిగే ప్రశ్నకు జవాబివ్వబోదు కాబట్టి శాస్త్రం ఎంత ముందుకు పోయినా దాని విలువ తగ్గదు. దశావతారాలను శాస్త్రమని చెప్పినప్పుడు మాత్రం వాటిని పరీక్షకు నిలబెట్టినట్టే. ఆ పరీక్షలో అవి ఓడిపోతాయి. ఓడించింది డార్విన్ కాదు, వాటిని ఆ పరీక్షకు పంపిన అభిమానులే.

లింగో పాటకూ ఈ ప్రమాదం లేకపోలేదు. పచ్చి మాంసం, తర్వాత నిప్పు, తర్వాత సాగు అనే వరస చూసి ఇదే మానవ పరిణామమని చెప్పడం తేలిక. ఇంకో అడుగు వేసి, కొందరు గోండు రచయితలు భూగర్భ శాస్త్రంలోని గోండ్వానా ఖండానికీ గోండుల పుట్టుకకూ ముడి పెడతారు. నిజానికి 1872లో భూగర్భ శాస్త్రవేత్త మెడ్లికాట్ మధ్య భారతపు రాళ్లకు ఈ గోండుల దేశం పేరు వాడాడు. తర్వాత ఆ పేరు ఒక మహాఖండానికి పాకింది. ఆ ఖండం చీలడం మొదలైనప్పుడు మనిషి జాడే లేదు, డైనోసార్లున్నాయి. తమను చరిత్రలో లేనట్టు చూసిన లోకానికి తమ పాతదనం చాటాలన్న గోండుల తపన నాకు అర్థమవుతుంది, అది న్యాయమైనదే. అయినా ఆ గౌరవం ఒక రాతి పేరు మీద నిలబడనక్కర్లేదు. నిప్పును సంగీతంతో సంపాదించిన కథ ఉన్న జాతికి అరువు తెచ్చుకునే అవసరమే లేదు.

మిగతా మతాలు ఈ దారిలో ఎంత దూరం నడిచాయో కూడా చూడాలి. ఒకప్పుడు ఇంగ్లీషు బైబిళ్ల అంచున సృష్టి జరిగిన ఏడాదిగా ఆర్చిబిషప్ అషర్ లెక్కకట్టిన క్రీస్తుపూర్వం 4004 అచ్చయ్యేది. 1950లో పోప్ పన్నెండో పయస్ మనిషి శరీరం అంతకు ముందున్న జీవరాశి నుంచి వచ్చిందా అన్నది పరిశోధించవచ్చన్నాడు. ఆత్మ మాత్రం దేవుడు నేరుగా ఇచ్చిందేనన్నాడు, మనుషులందరికీ ఒకే ఆదాము మూలమన్న బోధనూ వదల్లేదు. 1996లో రెండో జాన్‌పాల్ పరిణామం ఇక ఊహ స్థాయి దాటిందని ఒప్పుకున్నాడు. విశ్వాసం వదులుకోకుండానే సాక్ష్యం ముందు సర్దుకోవచ్చని కాథలిక్ సంస్థ చూపించింది. దానికి దాదాపు శతాబ్దంన్నర పట్టింది. ఆదికాండాన్ని అక్షరాలా పట్టుకునే సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. ముస్లిం పండితుల్లోనూ తేడాలున్నాయి. పరిణామాన్ని పూర్తిగా కాదనేవారున్నారు, మిగతా జీవులకు ఒప్పుకొని ఆదం పుట్టుకను మాత్రం వేరుగా ఉంచేవారున్నారు.

చంద్రపూర్‌కు ఇంకో దారి కూడా తెలుసు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిన అంబేద్కర్ 16న చంద్రపూర్ వచ్చి ఇక్కడి జనానికి ధమ్మదీక్ష ఇచ్చాడు. బుద్ధుడి గురించి రాసిన, మరుసటి ఏడు వెలువడిన తన గ్రంథంలో సృష్టికర్త అన్న ఆలోచననే తోసిపుచ్చాడు. ధర్మం పని మనిషి మనిషితో ఎలా మెలగాలో చెప్పడమన్నాడు. సృష్టి కథే లేనిచోట డార్విన్‌తో తగువుకు చోటు లేదు. ఒక రకంగా ఆయన తర్కంతో చేరిన చోటుకే లింగో పాట కథతో చేరింది. మనిషితనం పుట్టుకలో లేదు, మెలిగే తీరులో ఉంది.

దీనర్థం మతం ఏం చెప్పినా శాస్త్రానికి సంబంధం లేదని కాదు. భూమి వయసు ఎంత, మన శరీరం ఏ పాయ నుంచి వచ్చింది అన్న విషయాల్లో మతం మాట చెబితే అది సాక్ష్యం ముందు నిలబడాలి, లేకపోతే వెనక్కి తగ్గాలి. అక్కడ రాజీ లేదు. బలవంతుడు బలహీనుణ్ణి తినడమే ప్రకృతి న్యాయమని శాస్త్రం పేరుతో ఎవరైనా చెబితే వాళ్లూ హద్దు దాటినట్టే. ఎలా వచ్చామో శాస్త్రం చెబుతుంది, ఎలా బతకాలో అది తేల్చదు.

ఈ హద్దు పిల్లలకు నేర్పాల్సింది బడి. 2018లో ఒక కేంద్ర సహాయ మంత్రి డార్విన్ సిద్ధాంతాన్ని కొట్టిపారేస్తే దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఖండించాయి. అయినా 2023 నాటికి ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోని వంశపారంపర్యం, పరిణామం అనే పాఠంలో పరిణామం ఎగిరిపోయింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు నిరసన లేఖ మీద సంతకాలు చేశారు. ఆ పుస్తకాలు చదివే పిల్లల్లో ఇంటర్‌లో జీవశాస్త్రం తీసుకోనివారికి ఇక ఆ పాఠమే ఉండదు. వాళ్లకు మిగిలేవి సభల్లో వినే పోలికలే.

విరూర్, రాజురా, సిరొంచా, కాగజ్‌నగర్ బడుల ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. సైన్స్ పీరియడ్‌లో కోటా రాళ్ల చేపనూ తాబేలునూ పంటినీ చూపించండి, మనిషికీ చింపాంజీకీ ఉన్న దాయాదితనం సాక్ష్యంతో చెప్పండి. భాషా పీరియడ్‌లో సత్యవ్రతుడి దోసిలినీ లింగో సొరకాయ వాద్యాన్నీ తనివితీరా చదివించండి. ఒకదానికి ఇంకొకటి రుజువని మాత్రం చెప్పకండి. అలా చదువుకున్న పిల్లవాడు పెద్దయ్యాక గుడికి వెళ్లినా, జంగుబాయి గుహకు వెళ్లినా, చర్చికి వెళ్లినా, ఎక్కడికీ వెళ్లకపోయినా, తన విశ్వాసానికి శాస్త్రం ముద్ర అడగడు. శాస్త్రం తేల్చిన నిజానికి భయపడడు.